పన్నెండో పేరు

మేకు ఎర్రబడింది.

నిన్న సాయంత్రం గరుకు కాగితంతో తెల్లగా రుద్ది, మిగిలిపోయిన పులిహోర పులుసులో నిలబెట్టిన ఇనుప మేకు అది. పులుసులో మునిగినంత మేరా ఇప్పుడు రాగి రంగు తిరిగింది. మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి, డాలస్ పక్కన కాపెల్‌లో మా తెలుగువాళ్ళ చర్చి వంటగదిలో, దాన్ని పేపర్ నాప్‌కిన్ మీద పెట్టి దివాకర్ ముందుకు జరిపాను.

"పులుసులో రాగి ఉంది. ఇనుము కరుగుతూ ఉంటే ఆ రాగి బయటికొచ్చి మేకు మీద కూచుంది," అన్నాను.

"నేను కాదన్నానా మేడమ్? నా రిపోర్టులో మొదటి లైనే అది," అన్నాడు దివాకర్.

దివాకర్ ఈ చర్చికి పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చిన ఇన్వెస్టిగేటర్. ఇరవై రెండేళ్ళ క్రితం కాకినాడలో నా దగ్గర ఇంటర్ కెమిస్ట్రీ చదివాడు. ప్రాక్టికల్ పరీక్ష రోజున ల్యాబ్ అటెండర్‌కి సమోసాలు కొనిపెట్టి, తనకొచ్చిన సాల్టేమిటో ముందే కనుక్కున్నాడు. జవాబు ముందు రాసుకుని, చెయ్యని పరీక్షలన్నీ వెనకనుంచి నింపుకుంటూ వచ్చాడు. సంగతి తెలియక ముప్పైకి ముప్పై వేశాను. తెలిశాక వచ్చిన మంట ఇప్పటికీ చల్లారలేదు. నా పేరు ఉమామహేశ్వరి, కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఈ దేశం వచ్చాక పాఠాలు మానేసి, టెక్సస్ లైసెన్సు తీసుకుని, లాయర్లకి ప్రైవేట్ డిటెక్టివ్‌గా పనిచేస్తున్నాను.

ఈ కేసులో నా క్లయింటు ఎలీనా. ముప్పై ఒక్కేళ్ళ పిల్ల, ఫ్రిస్కోలో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది, హెచ్-వన్ వీసా మీద ఉంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ పెట్టిన పులిహోర తన అమ్మమ్మగారి ఇత్తడి గుండిగలో వండింది. తిన్నవాళ్ళలో పదకొండు మంది గంట తిరక్కుండా వాంతులు చేసుకున్నారు. వాళ్ళు మర్నాటికి కోలుకుని ఇళ్ళకి వెళ్ళారు. పన్నెండో మనిషి సైలస్ గారు, చర్చి పెద్ద, అరవై నాలుగేళ్ళు. ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. కిడ్నీలు గంట గంటకీ దెబ్బతింటున్నాయి.

దివాకర్ ఒక స్టేట్‌మెంట్ టైప్ చేసి తెచ్చాడు. గిన్నె లోపలి కళాయి అరిగిపోయిందని తెలిసి కూడా నిర్లక్ష్యంగా వండానని అందులో ఉంది. మధ్యాహ్నం పన్నెండులోపు ఎలీనా దాని మీద సంతకం పెట్టాలట. రేపు ఆ పెద్దాయనకి ఏదైనా జరిగితే ఆ కాగితం తిన్నగా పోలీసుల చేతికి వెళ్తుంది. ఉద్యోగం, వీసా తర్వాతి మాట, ముందు జైలుకి వెళ్ళాల్సి వస్తుందని ఆమె లాయరు నాకు ఫోన్లో చెప్పాడు. విచిత్రమేమిటంటే పిల్ల సంతకం పెట్టడానికి సిద్ధంగా కూచుంది. రెండు రాత్రులుగా నిద్రలేదు, కళ్ళు వాచిపోయాయి.

"నా వల్లే కదా ఆంటీ. ఒప్పుకుంటే కనీసం ఆ బరువైనా దిగుతుంది," అంది.

బరువు దించుకోడానికి ఇదేమీ ప్రార్థన కాదు, లీగల్ డాక్యుమెంట్ అని కసిరాను. పెన్ను లాక్కుని నా జాకెట్ జేబులో పెట్టుకున్నాను. తర్వాత గుండిగ దగ్గరికి వెళ్ళాను.

పాతకాలపు గుండిగ, నలభై మందికి సరిపోతుంది, ఎప్పుడూ ఈ చర్చి వంటగదిలోనే ఉంటుంది. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగి. చింతపండు పులుపు తగిలితే రాగి కరిగి పులుసులో కలుస్తుంది, కడుపులో పడితే తిప్పేస్తుంది. అందుకే ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి పూస్తారు. ఆ తెల్లటి పూత అడ్డుగోడలా ఉన్నన్నాళ్ళూ ఎంత పులుపు పోసినా ఏమీ కాదు. రెండేళ్ళకోసారి ఇండియా వెళ్ళినప్పుడు దీనికి కళాయి వేయిస్తామని ఎలీనా చెప్పింది. ఆఖరిసారి వేయించి ఎనిమిది నెలలట.

"ఎనిమిది నెలల్లో అరిగిపోయింది. కేస్ క్లోజ్డ్," అన్నాడు దివాకర్.

"అరిగిన కళాయి ఎలా ఉంటుందో చూశావా ఎప్పుడైనా?"

అతను ఫోన్లో ఏదో ఫోటో వెతకబోయాడు. ఆ అవసరం లేదని చెప్పి అతని తల గుండిగలోకి వంచినంత పని చేశాను. కళాయి ఎప్పుడూ అడుగున అరుగుతుంది. గరిట గీసుకునే చోట, పీచు గట్టిగా పడే చోట ముందు పోతుంది. పోయిన చోట మచ్చలు మచ్చలుగా పోతుంది. ఇక్కడ అడుగునుంచి పైదాకా ఒక్క చుక్క కూడా మిగల్లేదు. అంచుకి మూడు వేళ్ళ కింద మాత్రం, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. ఆ గీతకి పైన కళాయి చెక్కు చెదరకుండా తెల్లగా ఉంది.

"ఈ గీత దాకా ఇందులో ఏదో పోసి నిలవ ఉంచారు. అదే కళాయిని తినేసింది," అన్నాను.

దివాకర్ మళ్ళీ వంగి, గీత మీద వేలితో రాసి చూసుకున్నాడు. ఎవరైనా ఆసిడ్ పోసి కడిగి ఉంటారని చివరికి గొణిగాడు. ఆసిడ్ అయితే ఇత్తడి పైన కూడా గుర్తు వదిలేది, ఎర్రెర్రగా పాలిపోయేది. ఇది పసుపు రంగులో నిగనిగలాడుతోంది. తగరాన్ని కరిగించి ఇత్తడి జోలికి పోనిది వేడి వేడి క్షారం. అంటే ఇళ్ళలో సింకు తూము మూసుకుపోతే వేసే పలుకులు. బజార్లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా డబ్బాలో దొరుకుతాయి.

ఊహతో సరిపెట్టుకునే అలవాటు నాకు లేదు. సింకు కింద తలుపు తీశాను. మాసిన గుడ్డలు వేసే బకెట్‌లో అడుగున ఒక కిచెన్ టవల్ ఉంది. పాత పసుపు మరకలతో నిండా పచ్చగా ఉన్న గుడ్డ. మధ్యలో అరచెయ్యంత మేర, చుట్టూ చిన్న చిన్న చుక్కలుగా, ముదురు ఎరుపు. దివాకర్ తన ఫోటోల లిస్టులో దీన్ని 'బీట్‌రూట్ మరక' అని రాసుకున్నాడు. ఆ మాట చదివి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది కూడా.

ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తీసి కోసి, ఆ ఎరుపు మీద నాలుగు చుక్కలు పిండాను. పడ్డచోటల్లా ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగు వచ్చింది. బీట్‌రూట్ అలా మారదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకొస్తుందో అదే కథ ఇది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. గుండిగలోంచి ఆ నీళ్ళు వంచినవాళ్ళు చేతికందిన గుడ్డతో తుడిచి బకెట్‌లో పడేశారు. పసుపు గుడ్డ తమ మీద సాక్ష్యం చెబుతుందని వాళ్ళకి తెలీదు.

ఎలీనాని అప్పుడడిగాను, ఆదివారం పొద్దున గుండిగ లోపల తెల్లగా లేదని చూడలేదా అని. ఆ పిల్ల తల దించుకుంది. చూసిందట. లోపలంతా బంగారంలా మెరుస్తుంటే, ఆ తెల్లదనం ఇన్నాళ్ళూ పాచి అనుకుందట, ఎవరో ఓపిగ్గా చింతపండు పెట్టి తోమారని సంతోషించిందట. కళాయి వేయించేది అమ్మ, తను గిన్నె మోసుకెళ్ళి మోసుకొచ్చేదే తప్ప ఎందుకో ఎప్పుడూ అడగలేదు. పైగా ఎనిమిదీ ఇరవైకి చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. 'నా గుండిగ ఇంత బాగా తోమిన వాళ్ళెవరో గానీ థాంక్యూ సో మచ్.' కింద ఇరవై ఆరు హృదయాలు, చేతులు జోడించిన బొమ్మలు. తోమింది నేనే అని ఒక్కరూ అనలేదు. కుర్చీలు సర్దినా ఫోటో పెట్టుకునే గ్రూపు అది. అంత పెద్ద గుండిగ తోమి నోరు మూసుకు కూచున్నారంటే నేను నమ్మను.

వంటగది వెనక తలుపుకి నంబర్ల తాళం ఉంది, ఒక్కో గ్రూపుకి ఒక్కో నంబరు. ఎప్పుడు ఏ నంబరుతో తెరిచారో చర్చి సెక్రటరీ ఫోన్లో కనిపిస్తుంది. నిన్ననే ఆవిడ చేత ఫోటో తీయించి తెప్పించుకున్నాను. శుక్రవారం సాయంత్రం 6:05, మళ్ళీ శనివారం ఉదయం 7:10. రెండుసార్లూ క్వయర్ నంబరే, అంటే పాటలు పాడే బృందానిది. ఎలీనా క్వయర్‌లో లేదు. ఆ రెండు రోజులూ ఆఫీసు పని మీద కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఉంది, శనివారం రాత్రి ఫ్లైట్‌కి దిగింది. బోర్డింగ్ పాస్ నా దగ్గరుంది.

దివాకర్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఎవరో తెలివితక్కువగా తూము మందు పోసి కడిగారనుకుందాం, అయినా వండేముందు చూసుకోవాల్సింది ఎలీనాయే కదా అన్నాడు. అతని రిపోర్టు పన్నెండింటికి వెళ్ళాలి, కంపెనీ ఆగదు.

"నీ లిస్టు ఇలా ఇవ్వు," అన్నాను.

జబ్బుపడిన పన్నెండు మంది పేర్లు, ఎదురుగా వాంతి మొదలైన టైము. భోజనం పన్నెండూ నలభైకి. మొదటి పేరు 12:52. తర్వాత 12:58, 1:03, 1:05... పదకొండో పేరు 1:24. పన్నెండోది సైలస్ గారిది. దాని ఎదురుగా 'సుమారు 1:00'.

పదకొండింటికి నిమిషాలు, పన్నెండోదానికి సుమారు. నాకు సుమారు అనే మాటంటే పడదు. అంబులెన్స్ ఎప్పుడు పిలిచారని అడిగితే రాత్రి 8:52 అన్నాడు. మరి ఎనిమిది గంటలు ఏం చేశారయ్యా అంటే పెద్దాయన కదా, ఓర్చుకుని ఉంటారన్నాడు. మూడింటికి క్వయర్ ప్రాక్టీస్ జరిగింది, ఆ వీడియో చర్చి పేజీలో ఉంది. ఫోన్లో తీసి అతని ముందు పెట్టాను. 3:20కి సైలస్ గారు మొదటి వరుసలో నిలబడి, గొంతెత్తి, రెండు చరణాలు ఒక్కరే పాడుతున్నారు.

"రాగి కడుపులో పడ్డ మనిషి ఇలా పాడతాడా?"

దివాకర్ వీడియో రెండోసారి చూశాడు. నీకు జవాబు ముందే ఉంది కాబట్టి టైము దానికి తగ్గట్టు రాసుకున్నావు, సాల్ట్ ముందే తెలిసినట్టు, అన్నాను. అతని ముఖం మాడిపోయింది. ఆ సమోసాల సంగతి నాకు తెలుసని అతనికి ఇవాళే తెలిసింది.

నేను ఫోన్ చేసేదాకా ఏ పెన్నూ ముట్టుకోవద్దని ఎలీనాకి చెప్పి బయల్దేరాను. దివాకర్ కూడా తన కారులో వెనకే వచ్చాడు. సైలస్ గారి భార్య సంతకం కూడా అతనికి కావాలట.

*

పదీ ముప్పై అయిదుకి తలుపు తీసింది సైలస్ గారి భార్య ప్రిస్సిల్లా గారు. రాత్రంతా ఆసుపత్రిలో ఉండి, స్నానం చేసి బట్టలు మార్చుకోడానికి గంట క్రితమే ఇంటికొచ్చింది. తడి జుట్టు ముడి వేసుకుని, బైబిల్ ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూచుంది. ఆయన ఎలా ఉన్నారంటే మగతగా ఉన్నారనీ, పిలిస్తే పలుకుతున్నారనీ చెప్పింది. డాక్టర్లు రాగికి విరుగుడు మందు ఎక్కిస్తున్నారట. రక్తంలో రాగి ఎంతుందో బయటి ల్యాబ్‌కి పంపారు, రిజల్ట్ రేపు వస్తుంది.

పులిహోర ఎంత తిన్నారని అడిగాను. రెండు గరిటెలంది. ఎక్కడ కూచుని తిన్నారంటే కిటికీ పక్కన అంది. వాంతి ఏ రంగులో ఉందని అడిగాను. అక్కడ ఆగిపోయింది. మిగతా పదకొండు మందీ అడక్కుండానే నీలం పచ్చగా ఉందని చెప్పారు, ఆ రంగు చూసి హడలిపోయారు కూడా. ఈవిడ తెల్లగా అంది, కాదు పచ్చగా అంది.

వీడియో ఆవిడకి కూడా చూపించాను. భర్త పాట విని ఆవిడ ఫోన్ మీద చెయ్యి వేసింది, ఆపమన్నట్టు.

"ఒంటిగంటకి ఆయన బాగానే ఉన్నారు. మీరు డాక్టర్లకి వేరేగా చెప్పారు. ఎందుకో నాకు చెప్పండి," అన్నాను.

"ఉమ గారూ, ఈ మాట ఈ ఇల్లు దాటకూడదు," అంది. దివాకర్ వైపు కూడా చూసింది.

అప్పుడు చెప్పింది. సాయంత్రం ఏడు దాటాక ఆయన బాత్‌రూమ్ నుంచి గోడ పట్టుకుని వచ్చారు. కాళ్ళు తడబడ్డాయి, మాట ముద్దముద్దగా వచ్చింది, ఊరికే నవ్వారు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఒక్క చుక్క ముట్టని మనిషి. ఈవిడ దగ్గరికెళ్ళి నోరు వాసన చూసింది. వాసన లేదు. అయినా ఆ తూలడం చూసి తాగారేమోనన్న అనుమానం ఆవిడకి పోలేదు. చర్చి పెద్ద తాగి ఆసుపత్రికొచ్చాడని ఒక్క నర్సు నోటివెంట వచ్చినా మర్నాటికి డాలస్ అంతా పాకిపోతుంది. మనవాళ్ళు ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు. అందుకని వాంతి చేసుకున్నాక, ఊపిరి ఎగబీలుస్తుంటే అంబులెన్స్ పిలిచి, అందరిలాగే ఈయనా పులిహోర తిన్నారని చెప్పింది. ఆ మాటతో డాక్టర్లు వేరే దారి చూడలేదు.

నాకు ముందు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే చెయ్యెత్తి కొట్టాలన్నంత. ఆవిడ వేళ్ళు బైబిల్ అట్టని గీకుతుంటే చూసి జాలేసింది.

"అసలు తిన్నారా?"

"లేదు. ఆదివారం ఆయన ఉపవాసం. ఎవరికీ తెలియకూడదని ప్లేటు పట్టుకుని కూచుని, తర్వాత ట్రాష్‌లో వేసేశారు. ఉపవాసమున్నట్టు నలుగురికీ కనపడకూడదని ఆయన పట్టుదల. మూడింటికి విడిచిపెట్టారు."

"దేంతో?"

"పసుపు పాలతో. క్వయర్ ముందు గొంతు కోసం ఎప్పుడూ అవే కదా. జూడ్ కలిపి ఫ్లాస్క్‌లో తెచ్చిచ్చాడు."

జూడ్ సైలస్ గారి మేనల్లుడు, చెల్లెలి కొడుకు. రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే పై గదిలో ఉంటున్నాడు, క్వయర్‌లో కీబోర్డు వాయిస్తాడు. ఆ మాట విని దివాకర్ నా వైపు చూశాడు. నేను ఆ ఫ్లాస్క్ ఎక్కడుందని అడిగాను. గిన్నెల స్టాండులో బోర్లించి ఉంది. ఆదివారం సాయంత్రమే జూడ్ తనంతట తనే కడిగి పెట్టాడట. ఎప్పుడైనా తిన్న కంచం కడిగాడా అంటే ఆవిడ ఆలోచించి, ఇదే మొదటిసారి అంది.

పదకొండు కావస్తోంది. నా బ్యాగులో ఒక టార్చి ఉంటుంది, కార్పెట్ మీద పిల్లి ఉచ్చ మరకలు పట్టుకోడానికి అమ్మేది, పదిహేను డాలర్లు. వంటగది బ్లైండ్స్ దించి, ఫ్లాస్క్ మూత విప్పి, లోపలి రబ్బరు రింగు చాకు మొనతో పైకి లేపి ఆ ఊదా వెలుతురు పడేశాను. రింగు కింద సందులో ఆకుపచ్చగా మెరిసింది. మూత అంచున కూడా ఒక మరక మెరిసింది.

"పసుపు మేడమ్. పసుపు కూడా ఈ లైట్ కింద మెరుస్తుంది. మీరే చెప్పారు క్లాసులో," అన్నాడు దివాకర్.

చెప్పాను, గుర్తుంచుకున్నందుకు సంతోషం. దివాకర్ ఇప్పుడు మొండికెయ్యడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. లాండ్రీ గదిలోంచి బట్టల సోడా తెప్పించి గోరువెచ్చటి నీళ్ళలో కలిపాను. రెండు ఇయర్ బడ్స్ అందులో ముంచి ఒకటి అతనికిచ్చాను. నువ్వే చెయ్యి, ఈసారి అటెండర్ లేడు, అన్నాను.

అంచున ఉన్న మరక మీద రాశాడు. రాసీ రాయగానే ఎర్రబడింది. అది పసుపు. తర్వాత రింగు కింద సందులో రాశాడు. రంగు మారలేదు. టార్చి వేస్తే ఇయర్ బడ్ కొస కూడా ఆకుపచ్చగా మెరుస్తోంది. దివాకర్ ఇంకోసారి రాసి చూశాడు, ఇంకోసారి. తర్వాత ఇయర్ బడ్ మెల్లగా కింద పెట్టాడు.

"కూలెంట్," అన్నాడు.

కారు రేడియేటర్‌లో పోసేది. లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి చాలా రకాల్లో ఇలా మెరిసే రంగు కలుపుతారు. రుచికి తియ్యగా ఉంటుంది, పంచదార వేసిన పాలలో తెలియదు. లోపలికి వెళ్ళాక మొదట తాగినవాడిలా తూలిస్తుంది. తర్వాత ఒంట్లోనే మారిపోయి వేరే పదార్థమవుతుంది, అది కిడ్నీల్లో సన్నటి స్ఫటికాలు కడుతుంది. దానికి విరుగుడు ఉంది, కానీ అది రాగికిచ్చే మందు కాదు. రెండు రోజులుగా సైలస్ గారికి లేని విషానికి వైద్యం జరుగుతోంది.

పదకొండు మందికి వాంతులు చేయించింది పన్నెండో మనిషిని వాళ్ళ మధ్య దాచడానికి. సైలస్ గారు కూడా అందరితో తింటారనీ, ఇంతమందితో పాటు ఆయన పడిపోతే వేరే కారణం ఎవరూ వెతకరనీ జూడ్ లెక్క వేసుకున్నాడు. ఆయన ఆ రోజు ఉపవాసమని మాత్రం వాడికి తెలీదు.

దివాకర్‌కి ఇక నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆసుపత్రి నంబరు అతని దగ్గరే ఉంది. ఫోన్ చేసి, కిడ్నీ డాక్టర్ని పిలవండి, మూత్రంలో స్ఫటికాలు చూడమనండి, ఎమర్జెన్సీ అని చెప్పాడు. అటువాళ్ళు ఒక్క నిమిషం అన్నారు. హోల్డ్ మ్యూజిక్ మొదలైంది. అతను ఖాళీగా ఉన్న చేత్తో బ్యాగ్‌లోంచి ఎలీనా స్టేట్‌మెంట్ తీసి రెండుగా, నాలుగుగా చింపి సింకు పక్కన పెట్టాడు. నేను 911 నొక్కి, ఎవరిని ఎక్కడికి పంపాలో చెబుతూ ప్రిస్సిల్లా గారి వైపు తిరిగాను.

ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. జూడ్‌కి ఆయన మీద ఏమైనా కోపముందా అని అడిగాను. ఆ కుర్చీ లాక్కుని కూచుంది. తర్వాత ఒక్కో మాటే వచ్చింది. జూడ్ గ్రీన్ కార్డు కోసం మేనమామ దగ్గర అయిదేళ్ళు పనిచేసినట్టు ఒక అనుభవం లెటర్ పెట్టాడు. దాని మీద మేనమామ సంతకం తనే చేశాడు. అది నిజమో కాదో కనుక్కోడానికి లాయర్ ఆఫీసు వాళ్ళు బుధవారం, అంటే రేపు, సైలస్ గారికి ఫోన్ చేస్తారు. అబద్ధం చెప్పను, నువ్వే ముందు ఒప్పుకో అని ఆయన వాడికి చెప్పారు. బయట ఎవరికీ చెప్పలేదు.

"ఆదివారం ఉపవాసం దేనికనుకున్నారు? వాడి కోసమే. వాడి మనసు మారాలని," అంది.

ఎలీనాకి ఇక భయం లేదు. కానీ ఆ మాట చెప్పుకునే తీరిక లేదు. గడియారం 11:15 చూపిస్తోంది. ఆయన పక్కన ఇప్పుడెవరున్నారని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

"జూడే. నన్ను వెళ్ళి కాసేపు పడుకోమన్నాడు. పొద్దున తనే పాలు కాచి ఇంకో ఫ్లాస్క్‌లో పట్టుకెళ్ళాడు. డాక్టర్ గుక్కెడు తాగనివ్వచ్చన్నారని..."

మాట పూర్తి కాలేదు. టేబుల్ మీద ఆవిడ ఫోన్ టింగుమంది. ఫ్యామిలీ గ్రూపులో ఫోటో, ఒక్క నిమిషం క్రితం పెట్టింది. కింద జూడ్ రాసిన రెండు మాటలు. 'మామయ్య అడిగి మరీ పాలు తాగుతున్నారు. ప్రైజ్ ద లార్డ్.'

దివాకర్ ఫోన్లో మ్యూజిక్ ఇంకా మోగుతూనే ఉంది. ఫోటోలో సైలస్ గారు దిండుకి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని ఉన్నారు. ఆయన వేళ్ళు వణుకుతాయని కాబోలు, కప్పుని అడుగునుంచి ఇంకో చెయ్యి పట్టుకుని పైకెత్తుతోంది.